ఆడి పోయాక మారిన మెయిలు

"మెయిలు రాలేదు సార్."

జ్యోతిక ఫోన్లో నాతో మాట్లాడిన మొదటి మాట ఇది. నమస్కారం లేదు, పేరు లేదు. ఆమె మా కంపెనీ తిరుత్తణి వర్క్‌షాపులో ఆర్డర్లు చూసేది. నేను తిరువళ్ళూరు ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాణ్ణి.

"స్పామ్‌లో చూసినారా?" అన్నాను.

"చూసినా. దాంట్లో మీరు పంపిందే ఉండాది. మన సర్వరే మిమ్మల్ని నమ్మకపోతే ఇంకెవురు నమ్ముతారు వసంత్ సార్?"

కోపం వచ్చింది. వెనకాలే నవ్వూ వచ్చింది. ఆ తర్వాత రోజూ పొద్దున టీ చల్లారకముందే ఆ ఫోను. పాత మెయిల్ సర్వరు తిరుత్తణిలోనే ఉండేది, ముసలిది. ఏదో సరిచేసేవాణ్ణి. మాటలు మెయిలు దాటి కొండమీది వానకీ, వాళ్ళమ్మ వళ్ళియమ్మ పెట్టే పులుసుకీ పోయేవి. ఆ పొద్దులు తల్చుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

ఇంతలో తిరువళ్ళూరుకు కొత్త సర్వరు వచ్చింది. మా మెయిళ్ళు ఇకపై ఎక్కడికి రావాలో లోకానికి చెప్పే డొమైన్ రికార్డు మార్చాలి. అంతకు ముందే పాత రికార్డు గడువు తగ్గించి పెట్టాలి. లేకపోతే మార్చాక కూడా కొన్నాళ్ళు మెయిళ్ళు పాత చోటికే పోతుంటాయి.

మా ముదలాళి, అంటే కంపెనీ యజమాని, దామోదరం గారు ససేమిరా అన్నారు. "ఆడి నెలలో ఎవురన్నా కొత్తది మొదలుపెడతారా? ఆవణి పుట్టనీ." తమిళ నెలల్లో ఆడి మన ఆషాఢం లాంటిది, శుభకార్యాలు చెయ్యరు; దాని తర్వాతి నెల ఆవణి.

"గడువు మాత్రం తగ్గిస్తా సార్."

"ఆవణిలో పెండ్లని ఆడిలో తాళి కట్టి చూస్తామా? చెయ్యి పెట్టొద్దు!"

ఇది చెబితే జ్యోతిక పడీపడీ నవ్వింది. ఆపైన గొంతు తగ్గించింది.

"మా ఇంట్లోనూ ఆవణికే కాచుకోని ఉండారు. పొన్నేరి సంబంధం. నన్ను చూసేదానికి వస్తారంట."

"మంచిదే కదా" అన్నాను. నా నోట్లో మన్ను పడ!

ఆవణి ముహూర్తం రానే వచ్చింది. రాహుకాలం రాకముందే ముదలాళి టెంకాయ కొట్టారు, నేను రికార్డు మార్చాను. భయపడినట్టే అయింది. కొన్ని మెయిళ్ళు కొత్త సర్వరుకు, కొన్ని తిరుత్తణికి. పాత సర్వరు ఆగిపోకుండా దగ్గరుండి చూసుకోవాలని రైలెక్కాను.

సర్వరు గదిలో జ్యోతిక పట్టుచీర కట్టుకొని, తలనిండా మల్లెలతో నిలబడి ఉంది. బయట చినుకులు.

"పొన్నేరోళ్ళు సాయంత్రమే వస్తాండారు" అంది. "సెరి, ఒకటి చెప్పండి సార్. రికార్డు మార్చినాక కూడా ఈడికే ఎందుకు వస్తాండాయి?"

"పాతది మరిచిపోయేదానికి టైం పడ్తాది."

"నువ్వు మరిచిపోతావా?"

'సార్' పోయి 'నువ్వు' వచ్చింది.

"రేపట్నుంచి మెయిళ్ళన్నీ సరిగ్గా వస్తాయి. ఏం సాకు పెట్టి నీకు ఫోన్ చేసేది?" ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చానాసార్లు మెయిలు వచ్చినా రాలేదని చెప్పినా, తెలుసా?"

"తెలుసు. ఈడికి వచ్చింది నాకు ఆడ కనపడ్తాది. సరిచేసినట్టు నటించినా."

"ఓరి మొద్దూ! మరి యాడ పెట్టుకున్నావు నోరు?"

"ఆడి కదా, కొత్తది మొదలుపెట్టకూడదంట" అన్నాను. నవ్వు ఆపుకోలేక నా భుజం మీద ఒకటి వేసింది.

"ఇప్పుడు ఆవణి పుట్టింది" అన్నాను. "నువ్వంటే నాకు ప్రాణం జ్యోతికా. పా, వాళ్ళు రాకముందే మీ అమ్మకు చెప్తా."

వళ్ళియమ్మ అంతా విని నన్ను ఎగాదిగా చూసింది. "పొద్దున్నే ఫోన్లో దీన్ని నవ్వించేది నువ్వేనా?"

"నేనేనత్తా." అత్త ఎప్పుడయిందో నాకే తెలియదు.

ఆమె ఫోను అందుకుంది. "పొన్నేరి నుంచి ఇంకా బయలుదేరకపోతే ఆగండి" అని చెప్పింది. లోపలికి పోయి నాకు అన్నం వడ్డించింది. అదే పులుసు.

ఇప్పుడు మా కాపురం తిరువళ్ళూరులో. ఆ పాత సర్వరు ఎప్పుడో పాత ఇనుముకు పోయింది. నేను ఇంటికి చేరడం ఆలస్యమైతే మాత్రం ఫోను మోగుతుంది.

"మెయిలు రాలేదు సార్."

"వస్తాండా" అంటాను.