బిక్షం పోసిన గుండు

జ్యోతినగర్‌లో తన క్వార్టర్ ముందు స్కూటర్ స్టార్ట్ చేస్తున్న సైంటిస్ట్ ఆసిఫ్ గుండెలో ఒకే ఒక్క సీసం గుండు దిగింది. స్కూటర్ స్టార్ట్ అయింది. ఆసిఫ్ లేవలేదు.

"గని పైకప్పు కూలబోతోందని ముందే పసిగట్టే సెన్సర్‌ని కనిపెట్టింది ఇద్దరు. ఒకడు పోయాడు," హైదరాబాద్ ఆఫీసులో చీఫ్ చెప్పాడు. "మిగిలింది డాక్టర్ యమున. ఎల్లుండి అక్కడే ఆమె డెమో. ఆ డిజైన్ కొట్టేసిన విదేశీ ముఠాకు ఆమె బతికుండటం ఇష్టం లేదు. షూటర్ పేరు మార్కో. దౌత్య పాస్‌పోర్ట్. తుపాకీ చేతిలో ఉండగా పట్టుకోవాలి. ప్రాణంతో."

ఏజెంట్ మొగిలి ఆ గుండును వేళ్ల మధ్య తిప్పాడు.

"షాట్‌గన్ కోసం చేత్తో పోసింది సార్. గొట్టం నున్నగా ఉంటుంది, గుండు మీద గీతలు పడవు. ఏ తుపాకీదో ఏ ల్యాబూ చెప్పలేదు. కానీ అచ్చులో ఉన్న గాటు దీనిమీద పడింది."

మొగిలి గోదావరిఖనిలో పుట్టినవాడు; ఆ చుట్టుపక్కల గుండ్లు ఎవరు పోస్తారో తెలుసు. మక్కచేను రైతు వేషంలో, చొక్కా గుండీలో కెమెరాతో, రామగిరి దగ్గర తుపాకులు బాగుచేసే బిక్షం షెడ్డుకు వెళ్లాడు.

"పందులు చేను ఖరాబు చేస్తున్నయ్ కాక. గుండ్లు కావాలె."

బిక్షం గరిటెలో సీసం కరిగించి అచ్చులో పోశాడు. బయటికొచ్చిన గుండు మీద అదే గాటు. దాని పక్కనే మొగిలి ఆసిఫ్ గుండెలోంచి తీసినదాన్ని పెట్టాడు.

"ఇది మనిషిని చంపింది కాక."

బిక్షం గరిటె పక్కన పెట్టాడు. "పందులకే అన్నరు సారు. పేపర్ల చూసినంక చెయ్యనన్న. నా పెండ్లాం పోశవ్వను తీస్కపోయిండ్రు. ఇంకో రెండు తూటాలిస్తెనే ఇడుస్తరట. పొద్దుగూకంగ ఒకామె వస్తది."

ఆ ఒకామె సంధ్యారాణి. చూపు తిప్పుకోనివ్వని అందం. ముఠాకు కొరియర్, నిజానికి చీఫ్ మనిషి. డబుల్ ఏజెంట్.

మొగిలి బయటికి వచ్చి ఆమెకు ఫోన్ చేశాడు. "పోశవ్వ ఎక్కడ?"

"నిన్ననే చంపేశారు. నా ఎదుటే."

"ఆపలేదా?"

"ఆపితే నా కవర్ పోయేది. నువ్వైతే ఆపేవాడివా?"

మొగిలి ఫోన్ పెట్టేసి లోపలికి నడిచాడు.

"ఒకదాంట్ల మందు తగ్గించు కాక."

"తగ్గిస్తే గుండు గొట్టంలనే ఇరుకుతది సారు. మీదికెల్లి ఇంకోటి కాలిస్తే గొట్టం పేలుతది. కాల్చినోని చేతులుండయ్."

"గదే కావాలె."

"పోశవ్వ వస్తదా?"

"వస్తది," అన్నాడు మొగిలి. "డెమో అయ్యే గ్రౌండ్ గేటు కాడికి రా, తోల్కపో."

బిక్షం రెండు తూటాలు నింపి మూతులు మడిచాడు. మందు తగ్గించినదాని మీద మసిచుక్క పెట్టాడు. చేతులు నిలకడగా కదిలాయి. పొద్దుగూకాక సంధ్యారాణి వచ్చి, మసిచుక్క దేనికో మొగిలిని అడిగి తెలుసుకుని, రెండూ తీసుకెళ్లింది.

డెమో రోజు గ్రౌండ్ పక్కన ఖాళీ క్వార్టర్ మేడగదిలోకి మార్కో, సంధ్యారాణి చేరారు. మార్కో ఇనుప తలుపుకు లోపలినుంచి గొళ్లెం పెట్టాడు. మొగిలి బయటే చిక్కుపడ్డాడు. ఇక సంధ్యారాణి దగ్గరున్న మైకు నుంచి ఇయర్‌పీస్‌లో వినడమే.

వీధిలో తెలంగాణ ఉద్యమ ఊరేగింపు డప్పులు. వేదిక మీద యమున మైకు అందుకుంది. మార్కో చెయ్యి మసిచుక్క లేని తూటా మీదికి వెళ్లింది. అది ముందు పేలితే యమున లేనట్టే.

"అదొద్దు," అంది సంధ్యారాణి, మసిచుక్క ఉన్నది అందిస్తూ. "తడిసినట్టుంది. ఇది పెట్టు."

గొట్టంలో తూటా పెట్టిన చప్పుడు మొగిలికి వినిపించింది.

మార్కో ట్రిగ్గర్ నొక్కాడు. డప్పుల మోతలో చిన్న తుస్సుమన్న చప్పుడు. బూతు తిట్టి, ఖాళీ తూటా లాగేసి రెండోది పెట్టాడు. సంధ్యారాణి గోడ చాటుకు జరిగింది.

గొట్టం పేలింది.

ఆమె గొళ్లెం తీసేసరికి మార్కో నేలమీద పొర్లుతున్నాడు. ఎడమచేతికి వేళ్లు లేవు. మొగిలి పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ముఠా వాళ్ల పేర్లు చెప్తే అంబులెన్స్. లేకపోతే డప్పులు వింటూ ఇక్కడే పడుండు."

మార్కో చివరి పేరు చెప్పాకే మొగిలి అంబులెన్స్‌ను పైకి పిలిచాడు.

గ్రౌండ్ గేటు దగ్గర బిక్షం నిలబడి ఉన్నాడు. చేతిలో పోశవ్వ చెప్పులు. "ఉత్తకాళ్లతోని తీస్కపోయిండ్రు సారు. ఏది?"

మొగిలి చెప్పాడు. ఎప్పుడు చంపారో కూడా చెప్పాడు.

"అంటే... నాకు వస్తదని చెప్పేటాల్లకే నీకెరుకనా?"

"చెప్తే నీ చేతులు వణికేటియి కాక."

బిక్షం అక్కడే మట్టిలో కూలబడ్డాడు. ఏడవలేదు. చెప్పుల మీది దుమ్ము అరచేత్తో తుడుస్తూ ఉండిపోయాడు.

ఫోన్ మోగింది.

"వెల్ డన్," అన్నాడు చీఫ్. "ఆ పెద్దాయనకు మంచి పనితనం ఉందయ్యా. మనకు పనిచేస్తాడేమో అడుగు."

మొగిలి బిక్షం వైపు చూశాడు.

"ఇవాళ బాగుండదు సార్. రేపు అడుగుతా."