పేరు మారిన ఫొటో

"చిన్న పనే," అన్నాడు చీఫ్.

ఆయన చిన్న పని అన్నాడంటే ప్రాణం మీదికొచ్చేదేనని ఏజెంట్‌కి అనుభవమే.

"ఆ ఫొటో స్టూడియో ఓ విదేశీ ముఠాది. రీటచింగ్ తెలిసినవాడు కావాలట, నువ్వెళ్లు. మీ అక్క ల్యాబ్ రహస్యాలు అమ్మిందని చూపించే ఫొటో అక్కడే తయారవుతోంది. అది ఎంక్వైరీ కమిటీ నమ్మిందా, ఆవిడ ఇక జైలు దాటి రాదు."

"కోడ్ వర్డ్?"

"వెలుతురు చాలట్లేదు."

విగ్గు, కెమెరా దాచిన కళ్లజోడు పెట్టుకుని ఏజెంట్ ఉద్యోగంలో చేరాడు. మారువేషం పట్టుమని పూట కూడా నిలవలేదు. ఎడిటింగ్ రూమ్‌లోకి అడుగుపెట్టిన అందగత్తె అతన్ని చూడగానే నవ్వి, విగ్గు లాగేసింది. ఆమె వాళ్ల డిపార్ట్‌మెంట్ మేడమే! కమిటీ ముందు సాక్ష్యాలు చూపించే అధికారీ ఆమే.

"అక్క కోసం వచ్చావా తమ్ముడూ? కూర్చో."

స్టీలు తలుపు మూసుకుంది. కిటికీ లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. వెనక పిస్తోలు పట్టుకుని ఓ బండోడు. 

స్క్రీన్ మీద ఫొటో. లిఫ్టులో అక్క. ఆమె ముందునుంచి ఓ చెయ్యి విదేశీయుడికి కవరు అందిస్తోంది. ఆ చెయ్యి నిజానికి పక్కన నిలబడ్డ మేడమ్‌ది. మేడమ్‌ని కత్తిరించి, మోచేయి చెరిపేసరికి అది అక్క చెయ్యి అయిపోయింది.

"కమిటీ రా ఫైలే, అంటే కెమెరా తీసింది తీసినట్టుండేదే అడిగింది," అంది మేడమ్. "ఇస్తాను. పక్కనే దీని ఎడిటింగ్ డేటా ఫైలూ ఉంటుంది. అక్కడి కంప్యూటర్ రెండూ కలిపి చూపిస్తుంది. ముసలాళ్లు అదే అసలు ఫొటో అనుకుంటారు."

రా ఫైల్‌ని ఎవరూ దిద్దలేదు. కత్తిరింపూ చెరుపుడూ అన్నీ ఆ బుల్లి డేటా ఫైల్లోనే ఉన్నాయి. రెండిటికీ ఒకే పేరు. ఆ పేరే వాటిని కలిపి ఉంచే ముడి. ఏజెంట్ మౌస్ అందుకోబోయాడు.

"ఫైల్ పేరులో మీ స్టూడియో కోడ్ ఉంది మేడమ్. ఎక్కణ్ణించి వచ్చిందని అడగరూ? ఇలా ఇవ్వండి, మారుస్తాను."

"చెయ్యి తియ్!" మేడమ్ మౌస్ లాక్కుంది. రా ఫైల్ పేరు తనే మార్చింది. బుల్లి ఫైల్ పాత పేరుతోనే ఉండిపోయింది, ముడి ఊడింది. రెండూ మెమరీ కార్డులోకి ఎక్కాయి.

బయట కారు హారన్. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తెరిచి చూస్తే అంతా బయటపడుతుంది. ఏజెంట్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఒక్కసారి తెరిచి చూసుకోండి మేడమ్," అన్నాడు వినయంగా.

ఆమె కళ్లు చిన్నవయ్యాయి. "తెరిస్తే ఏం పేలుతుంది? ఈ వేషాలు నా దగ్గరా!" కార్డు లాగేసి, అతని కళ్లజోడు లాక్కుని, అక్కడి మానిటర్‌కి కలిపి, తను పెట్టుకుంది. "దీని కెమెరాలో నువ్వూ చూడు. ఒరేయ్ బండోడా, ఫొటో తెర మీద పడగానే వీణ్ణి లేపెయ్."

ఆమె వెళ్లగానే బండోడు లోపలినుంచి తాళం వేశాడు.

మానిటర్‌లో కమిటీ హాలు కనిపించింది. ఓ మూల అక్క, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో. ఆ ముఖం చూడలేక ఏజెంట్ తల దించుకున్నాడు. పిస్తోలు మెడకి ఆనింది.

"ఇదిగో అసలు రా ఫైల్," అంది మేడమ్ గొంతు.

తెర మీద ఫొటో పడింది. కత్తిరింపు లేదు, చెరుపు లేదు. కవరు పట్టుకున్న చేతి వెంట మోచేయి, భుజం, ఆ పైన నవ్వుతూ మేడమ్! హాలంతా లేచి నిలబడింది. కళ్లజోడు కింద పడ్డట్టుంది, మానిటర్ నిండా చీఫ్ బూట్లే.

"ఇప్పుడు కాల్చాలా, వద్దా?" బండోడు నీళ్లు నమిలాడు.

"నీకు జీతమిచ్చేవాళ్లు ఇప్పుడే అరెస్టయ్యారు. నీ ఇష్టం."

బండోడు తేల్చుకునేలోగా గోడమీది ల్యాండ్‌లైన్ మోగింది. స్పీకర్‌లో చీఫ్ గొంతు.

"వెలుతురు చాలట్లేదు. మేడమ్ డ్రైవర్ ఆ గదికి దారి చెప్పేశాడు, మావాళ్లు మీ గుమ్మంలోనే ఉన్నారు. తలుపు తియ్యి నాయనా."

పిస్తోలు టేబుల్ మీదికి దిగింది. ఏజెంట్ అప్పుడు గాని ఊపిరి పీల్చలేదు.

సాయంత్రం అక్క అతన్ని గట్టిగా పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, నెత్తి మీద ఒక్కటిచ్చింది.

"అంతమంది పెద్దవాళ్ల ముందు ఫొటోలో నా చింపిరి జుట్టేంట్రా? కాస్త సర్దలేకపోయావా?"

"సర్దిన ఫొటోలో నీ జుట్టు బాగానే ఉందక్కా," అన్నాడు ఏజెంట్ తల రుద్దుకుంటూ. "నిన్ను జైలుకి పంపేది అదే."