మూడో గుడిసె కేక

బంగారుపాళ్యం దాటాక, రోడ్డుకు అర మైలు లోపలగా మునిరామయ్య గుత్తకు తీసుకున్న మామిడితోట ఉండేది. కాయ ముదిరే రోజుల్లో అందులో మూడు కాపలా గుడిసెలు వేసేవారు. ఒక గుడిసె నుంచి మరొకటి కనిపించదు. కేక మాత్రం వినిపిస్తుంది. మసక పడ్డాక మొదటి గుడిసెలో మునిరామయ్య బీడీ కాల్చి పారేసినప్పుడల్లా “ఓ…” అని కేక వేస్తాడు. రెండో గుడిసెలోంచి దొరస్వామి, మూడో గుడిసెలోంచి చిన్నబ్బ వరుసగా పలుకుతారు. ఎవరి పలుకైనా రాకపోతే మిగిలిన ఇద్దరూ లాంతర్లు తీసుకొని పరుగెత్తాలి. పాము కరిచిందో, ఎలుగు వచ్చిందో చూసి తెలుసుకోవలసిందే. ఒకరికి బదులు ఇంకొకరు పలకడం ఆ తోటలో కాయ దొంగిలించడం కన్నా పెద్ద తప్పు.

ఎనభై ఒకటో సంవత్సరం వేసవిలో చిన్నబ్బ చుట్టాల పెళ్లికి వెళ్లిన రోజున, మూడో గుడిసెకు గోవిందు వెళ్లాడు. మునిరామయ్య కొడుకు, పందొమ్మిదేళ్లవాడు. తిరుపతిలో సైన్యానికి ఎంపికై, ఉత్తరాదిలో ఎక్కడో శిక్షణ పొందుతూ ఇరవై ఎనిమిది రోజుల సెలవు మీద వచ్చాడు. సెలవుకు వచ్చే సిపాయి క్యాంటీను రమ్ము తెచ్చి పెద్దవాళ్లకు ఇవ్వడం ఊరి ఆనవాయితీ. గోవిందు మూడు సీసాలు తెచ్చాడు. పెట్టె తెరిచేసరికి మూడింటి మూతలూ విప్పి ఉన్నాయి.

“ఏమబ్బా మిలిటరీ!” అన్నాడు దొరస్వామి. “మాకని తెచ్చి రైల్లోనే రుచి సూసేసినావే! నీ సేతికి దేశాన్నిచ్చినా ఇంతేనా?”

గోవిందు నవ్వాడు. ఆ నవ్వు పెదవులు దాటి కళ్ల దాకా రాలేదు.

“నీ కేక నువ్వే వెయ్యల్ల,” అన్నాడు మునిరామయ్య, లాంతరు వత్తి సరిచేస్తూ. “నిద్రొస్తే లేసి నిలబడు. ఆ సీసాలు ఇంట్లోనే పెట్టిపో.”

గోవిందు తలాడించాడు. అయినా ఒక సీసా దుప్పటిలో చుట్టుకొని వెళ్లాడు.

ఆ తోటలో అన్నిటికన్నా పెద్ద తప్పుగా ఎంచే పనిని అతను నాలుగు నెలల కిందటే చేశాడు. అతనితో పాటు చేరిన దామోదరం శ్రీకాళహస్తివాడు. కలంకారీ పని చేసే మునివెంకటప్ప కొడుకు. వాడికి ఏడాది పొడుగునా జలుబే. ముక్కుతో మాట్లాడేవాడు. శిక్షణ ఇచ్చే ఉస్తాదు దాన్ని వెక్కిరిస్తే వరుసంతా నవ్వేది. రాత్రి బ్యారక్‌లో గోవిందు ముక్కు పట్టుకొని అచ్చం వాడిలాగే మాట్లాడి మళ్లీ నవ్వించేవాడు. దామోదరమూ నవ్వేవాడు. నవ్వుతున్నవాడికి నొప్పి లేదని ఎంత సులభంగా నమ్ముతాం! దీపాలు ఆర్పాక వాడు దుప్పటి కింద తాగేవాడు. తాగనిదే కన్ను మూతపడేది కాదు. “నాకింక సాలనిపిస్తాందప్పా,” అన్నాడు ఒకసారి. “పొద్దున్నే పరుగెత్తితే అన్నీ పోతాయిలే,” అని గోవిందు అటు తిరిగి పడుకున్నాడు.

ఒక సాయంత్రం దామోదరం అడిగాడు: “ఈ ఒక్క పూట నా పేరుకి నువ్వు పలకప్పా. యాడన్నా ఒక్కణ్నే కూసోని వస్తా.”

ఎనిమిది గంటల హాజరులో గోవిందు ముక్కు పట్టుకొని “హాజిర్ హై, ఉస్తాద్!” అన్నాడు. వెనక వరుస కిసుక్కుమంది. అందరూ ఉన్నట్టే లెక్క తేలింది గనుక ఎవరూ ఎవరినీ వెతకలేదు. తెల్లవారాక దామోదరం దొరికాడు. ప్రాణం లేదు. తన చావు తానే తెచ్చుకున్నాడని తేల్చారు. పుస్తకంలో మాత్రం ఆ రాత్రి వాడు హాజరు.

గోవిందు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి దుప్పటి కింద తాగడం అతని వంతైంది.

మూడో గుడిసె చుట్టూ రాలిన కాయ పులిసిన వాసన దట్టంగా పేరుకుంది. గబ్బిలాలు కొమ్మ మీంచి కొమ్మకు మారుతున్నాయి. దూరాన లారీల రొద వచ్చి పోతోంది. అది పోయినప్పుడల్లా తోట ఇంకొంచెం దగ్గరికి జరిగినట్టుంది. గోవిందు కూర్చోలేకపోయాడు. లేచాడు. గుడిసె చుట్టూ తిరిగాడు. మళ్లీ కూర్చున్నాడు. ఎనిమిది కావస్తుండగా సీసా మూత తీశాడు.

“ఓ…” మునిరామయ్య.

“ఓ…” దొరస్వామి.

“ఓ…” గోవిందు.

అంతటితో అయిపోవాలి. కానీ కంచె అవతల నుంచి, గుడిసె లేని వైపు నుంచి, నాలుగో పలుకు వచ్చింది. చాలా మెల్లగా. ముక్కుతో.

“హాజిర్ హై…”

మత్తు అనుకున్నాడు. ఇంకా తాగాడు. సెలవు తీరాక మళ్లీ ఆ వరుసలో నిలబడటం తలచుకుంటే, అసలు లేకుండా పోవడమే మేలనిపించింది. ఆ ఆలోచన కొత్తది కాదు. కానీ ఈ పూట దానికి ఒక దిక్కు ఏర్పడింది. లాంతరు గుడిసెలోనే వదిలి, సీసాతో కంచె వైపు నడిచాడు. ఎండుటాకులు కాళ్ల కింద విరిగాయి. అతను ఆగినా… ఒక అడుగు ఆలస్యంగా… ఇంకెక్కడో విరిగాయి.

మునిరామయ్య రెండో కేక వేశాడు. దొరస్వామి పలికాడు.

తన వంతు. గోవిందు నోరు తెరవలేదు. పలకకపోతే నాయన వస్తాడు. రావాలని ఉంది. రాకూడదనీ ఉంది.

“ఓ…”

వెనక నుంచి. అతను వదిలి వచ్చిన గుడిసెలోంచి.

అది అతని గొంతే.

గోవిందు చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు. పలుకు వెళ్లిపోయింది. ఇక ఎవరూ రారు. నాయన బీడీ ముట్టించుకుంటాడు… ఆ రాత్రి దామోదరం కూడా ఇలాగే విన్నాడా? చీకట్లో ఎక్కడో నిలబడి, ఎవరైనా వెతకడానికి వస్తారేమోనని చెవి ఒగ్గి… తన పేరుకు తన గొంతే పలకడం విన్నాడా?

అతను గుడిసెల వైపు తిరిగి అరిచాడు. “నాయనా! పలికింది నేను కాదు! నేనీడ ఉండాను!”

ఆ కేక ముగిసీ ముగియకముందే పక్క చెట్ల నడుమ లాంతరు కదిలింది. మునిరామయ్య అప్పటికే దగ్గరికి వచ్చేసి ఉన్నాడు. రొప్పుతున్నాడు. వెనకే దొరస్వామి, కర్రతో.

గోవిందు తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు. ముక్కు పట్టుకొని పలికిన పలుకు దగ్గర నుంచి కంచె దాకా అంతా చెప్పాడు. తనకు చచ్చిపోవాలనిపించిందనీ చెప్పాడు.

“పొద్దున్నే కాళాస్త్రికి పోదాం,” అన్నాడు మునిరామయ్య. “ఆ పిల్లోడి నాయనకు నువ్వే సెప్పల్ల. నీ పక్కన నేనుంటా. అందాకా నిన్ను ఒక్కణ్ని ఇడ్సను.”

“మూడు కేకలూ సరిగానే వచ్చినాయి గదా,” అన్నాడు గోవిందు. “మరి నువ్వెందుకు వస్తివి నాయనా?”

మునిరామయ్య దొరస్వామి వైపు చూశాడు.

“నీ రెండో కేక ఇనపడినాక ఎవురో నా గుడిసె ఎనకాల నిలబడి మాట్లాడినారు. జలుబు సేసినోడి మాదిరి. నీ పేరు సెప్పి, ‘గైర్‌హాజిర్’ అన్నాడు. రెండుసార్లు. అంటే ఏందిరా?”

తండ్రికి హిందీ ఒక్క ముక్క కూడా రాదు.

“లేడని,” అన్నాడు గోవిందు. “వరుసలో మనిషి లేడని.”

ముగ్గురూ మొదటి గుడిసెకు వచ్చి ఒకే లాంతరు చుట్టూ కూర్చున్నారు. దొరస్వామి సీసాను కాలవలో కుమ్మరించాడు, ఈసారి హాస్యమాడలేదు. మునిరామయ్య కొడుకు భుజం మీద చెయ్యి వేసుకొని బీడీ కాల్చాడు. అయిపోయింది. పారేశాడు. ముప్పై ఏళ్ల అలవాటు… ఆలోచించకుండానే కేక వేశాడు.

“ఓ…”

పక్కనే ఉన్న దొరస్వామి, అతనూ అలవాటు కొద్దీ, పలికాడు.

గోవిందు పెదవులు బిగించుకున్నాడు. తండ్రి వేళ్లు అతని భుజంలో దిగబడ్డాయి.

ఖాళీ మూడో గుడిసెలోంచి, అతని గొంతుతోనే, ఏ తడబాటూ లేకుండా పలుకు వచ్చింది.

“ఓ…”