గోటి గాటు పడ్డ ఆపిల్

"రేపు విదేశీ ముఠా మన దుకాణానికొస్తోంది. మన పరువు తియ్యడమే వాళ్ల మిషన్," అన్నాడు కల్నల్ మా, పొట్ట నిమురుకుంటూ. ప్యాంగ్యాంగ్‌లో పొట్టంటూ ఉన్నది అలాంటివాళ్లకే.

"ఎలా తీస్తారు సార్?"

"అది కనిపెట్టడం నీ పని. గెలిస్తే పతకం, బియ్యం బస్తా. ఓడితే పెళ్లాం బిడ్డలతో సహా గనుల్లోకి."

ఏజెంట్ తక్ యోంగ్‌హో చెవికి బస్తా ఒక్కటే ఎక్కింది. ఇంట్లో ఆరేళ్ల కూతురు బొక్‌సిల్ మొక్కజొన్న గంజి నీళ్లు తాగి పుల్లలా అయిపోయింది.

మర్నాడు తక్ వేషం, సంతోషంగా ఉన్న కొనుగోలుదారు. అలాంటివాళ్లే దుకాణం నిండా ఉన్నారు. ముందు గుమ్మంలో ఆపిల్స్ కొంటారు, వెనక గుమ్మంలో బుట్టలో వేస్తారు, కాపలావాడు జేబులు తడిమి వదిలితే మళ్లీ ముందుకొస్తారు. అవే ఆపిల్స్ మళ్లీ అరల్లోకెక్కుతాయి. సిగ్గులేని ప్రభుత్వానికి ఇంతకంటే చవకైన సౌభాగ్యం దొరకదు.

విదేశీ ప్రతినిధి పక్కన దుబాసీ సొల్‌హ్వా, పట్టు గౌనులో మెరిసిపోతోంది. జీతం తక్ శాఖలోనే. ఆమె ఒక ఆపిల్ తీసి, ఎర్రటి గోటితో తొడిమ పక్కన అడ్డంగా గాటు పెట్టింది. ప్రతినిధి టై పిన్‌లో దాచిన కెమెరా క్లిక్‌మంది. డబుల్ ఏజెంట్! ఆ ఆపిల్ మళ్లీ అరలో కనిపిస్తే, రెండో ఫొటోతో గుట్టు రట్టే.

అప్పటికే ఒక ముసలామె దాన్ని కొనేసింది. తక్ వెనక్కి పరిగెత్తేసరికి బుట్ట లోపలికి వెళ్లిపోయింది.

"ఆపిల్స్ తియ్యగా ఉన్నాయా, కామ్రేడ్?" అన్నాడు అమ్మకాల పిల్లతో. ప్రమాదం ఉందని చెప్పే కోడ్ అది.

"నిన్నటికంటే తియ్యగా!" అంటూనే ఆమె అలవాటుగా బుట్టలో ఆపిల్స్ అన్నీ అరలో సర్దేసింది.

ప్రతినిధి చెయ్యి అర వైపు చాచాడు. జేబులో దాస్తే కాపలావాడు తీసి మళ్లీ బుట్టలోనే వేస్తాడు. తక్ ఆ గాటు పడ్డ ఆపిల్ లాక్కుని కొరికాడు. దుకాణమంతా కొయ్యబారిపోయింది. అక్కడ ఎవరూ ఏదీ తినగా చూసినవాళ్లు లేరు. గింజలు, తొడిమతో సహా మింగేశాడు.

"చూశారా? మావాళ్లు ఇంటిదాకా కూడా ఆగలేరు, అంత రుచి!" అంది సొల్‌హ్వా, క్షణంలో జట్టు మార్చేసి.

సాయంత్రం వేదిక మీద పతకం, బస్తా, ఫొటోలు. దిగి వెనక గుమ్మం దాటబోతుంటే కాపలావాడు అడ్డొచ్చాడు.

"రెండూ ఇక్కడ పెట్టి వెళ్లు కామ్రేడ్. రేపు ఇంకో వీరుడున్నాడు."

ఇంటికెళ్లగానే బొక్‌సిల్ మెడకు వేలాడి, మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూసింది.

"నాన్నా, నీ నోరు ఎంత కమ్మగా ఉందో! ఏం తిన్నావ్?"

తక్ చేత్తో మూతి తుడుచుకున్నాడు.

"అది దేశ రహస్యం తల్లీ," అన్నాడు.