కొమురవ్వ కొత్త పళ్లు

లక్సెట్టిపేటకు చరిత్ర లేదని ఎవరైనా అంటే లైబ్రేరియన్ పర్శరాములుకు ఆ పూట అన్నం సహించేది కాదు. గోదావరి పక్కనున్న ఊరు, పాత పడవల రేవున్న ఊరు, చరిత్ర లేకుండా ఎలా ఉంటుంది? ఎక్కడో ఉంటుంది. వెతికేవాడు కావాలి. ఆ వెతికేవాడు తానేనని పాతికేళ్లకే తేల్చేసుకున్నాడు.

1986 జూన్‌లో ఒకరోజు, గొడుగు తిరగబడేంత వానలో వెళ్లి రాయమల్లు ఇంటి తలుపు కొట్టాడు. రాయమల్లు తల్లి కొమురవ్వకు తొంభై ఏళ్లు. ఊళ్లో అంతకన్నా పాత మనిషి లేదు.

తలుపు తీసింది రాయమల్లు కూతురు బాలలక్ష్మి.

"బాపు పొలం పోయిండు. ఏం గావాలె?"

"చరిత్ర," అన్నాడు పర్శరాములు, ముక్కు మీదినుంచి నీళ్లు కారుతుండగా.

"మా ఇంట్ల లేదు. పక్కింట్ల అడుగుండ్రి."

మూసుకుపోతున్న తలుపుకు కాలు అడ్డం పెట్టాడు. చెప్పు తెగింది. అది చూసి ఆమె పకపకా నవ్వింది. నవ్వాక లోపలికి రానివ్వక తప్పలేదు.

కొమురవ్వకు ఒక్క పన్ను కూడా లేదు. ఆమె మాట బాలలక్ష్మికి తప్ప కన్నకొడుక్కి కూడా అర్థం కాదు.

"పాత రేవు ముచ్చట చెప్పవ్వా," అని అడిగాడు.

"ఫూ... ఫఫ్ఫా ఫో," అంది కొమురవ్వ.

"ఏమన్నది?"

బాలలక్ష్మి అతని తడిసిన నోట్‌బుక్కును, అంతకన్నా తడిసిన మొహాన్ని ఒకసారి చూసింది. "ఒకపారి ఒక రాజు ఏనుగు పడవెక్కనని మొండికేసిందట. మిగిలింది రేపు చెప్తదట."

రేపు వచ్చాడు. ఎల్లుండీ వచ్చాడు. నాలుగు నెలలు వచ్చాడు. ఏనుగు పదకొండు బస్తాల బెల్లం తిన్నది గానీ పడవెక్కలేదు. ఈలోగా రాజు బిడ్డ పడవవాణ్ణి ప్రేమించింది. సరిగ్గా ఆమె నోరు తెరిచి ఆ మాట చెప్పబోయే చోట కొమురవ్వకు రోజూ నిద్ర వచ్చేది.

రాసిందంతా పర్శరాములు సాయంత్రం చాయ్ హోటల్లో చదివి వినిపించేవాడు. ఆ పడవవాడు తన ముత్తాతేనని మంగలి అంతయ్య ప్రకటించాడు. బెల్లం తమ దుకాణందేనని కిరాణా హనుమండ్లు మీసం తిప్పాడు. అక్టోబర్‌లో లైబ్రరీ వార్షికోత్సవం. ఆ సభలో ఊరి చరిత్ర చదవాలని నిర్ణయమైంది. పర్శరాములు కాళ్లు నేలమీద లేవు.

సభకు ఒకరోజు ముందు, దుబాయ్ నుంచి వచ్చిన చిన్నకొడుకు మల్లన్న కొమురవ్వకు మంచిర్యాలలో పళ్లు కట్టించుకొచ్చాడు. పర్శరాములు ఎగిరి గంతేసి పరుగెత్తాడు.

"అవ్వా! ఏనుగు ఆఖరికి గోదారి దాటిందా?"

"ఏం ఏనుగు బిడ్డా?" అంది కొమురవ్వ, గంట కొట్టినంత స్పష్టంగా. "నేను పుట్టింది ఇచ్చోడ ఊళ్లె, అడవి దిక్కు. గీ రేవు నేనెన్నడు చూడలే. నీళ్లంటే నాకు భయం."

"మరి నాలుగు నెలలు ఏం చెప్పినవు?"

"రోజు ఒక్కటే చెప్పిన. పిలగాడు బక్కగున్నడు, జర జొన్నరొట్టె పెట్టవే అని. ఇది ఒక్కనాడు పెట్టలే!"

పర్శరాములు బాలలక్ష్మి వైపు తిరిగాడు. ఆమె గోడకు అతుక్కుపోయింది.

"నాలుగు నోట్‌బుక్కులు, బాలలక్ష్మీ!"

"బాపమ్మకు ఏం తెల్వదని మొదటి దినమే చెప్తే, రెండో దినం మీరు వచ్చెటోళ్లా సారూ?"

నోట్‌బుక్కు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. పరువు పోతుందన్న బాధ కొంచెమే. ఆమె అంటే అతనికి ప్రాణం. ఏనుగు అబద్ధమైతే ఆ చూపులు, ఆ నవ్వులు కూడా కట్టుకథేనా? ఆ అనుమానమే అతన్ని తినేసింది.

మర్నాడు సభలో లేచి నిలబడ్డాడు. "గిదంత అబద్ధం. ఏనుగు లేదు. రాజు బిడ్డ లేదు."

"ఎట్ల లేదు?" అంతయ్య లేచాడు. "మా ముత్తాత పడవ నడిపిండు!"

"మా బెల్లం సంగతేంది?" హనుమండ్లు కుర్చీ ఎక్కాడు. "నువ్వు రాసెటోనివి. నీకేం తెలుసు? సప్పుడు జేయక చదువు!"

ఊరంతా అదే మాట. తన చరిత్రను తానే వెనక్కి తీసుకోలేకపోయాడు పర్శరాములు. దిక్కుతోచక నోట్‌బుక్కు తెరిచాడు. ప్రతి పేజీ పైన, ఆ రోజు తన కళ్లతో చూసింది రెండు ముక్కలు రాసుకోవడం అతని అలవాటు. ఆ ముక్కలు బాలలక్ష్మి చెప్పినవి కావు.

"నేను చూసిందే చదువుత," అన్నాడు.

"జూలై మూడు. ముసురు. ఆకుపచ్చ ఓణీ. ఆగస్టు తొమ్మిది. ఎండ. కోపంగున్నది. ఎందుకో అడిగే ధైర్యం చాలలే. సెప్టెంబర్ ఇరవై. ఊరికి పోయిందట. గంటసేపు గోడను చూసి వచ్చిన. సెప్టెంబర్ ఇరవై రెండు. వచ్చింది. మూడుసార్లు నవ్వింది. నాకు పాణం లేచొచ్చింది."

ముందు వరసలో రాయమల్లు నెమ్మదిగా అడిగాడు. "ఎవరి సంగతయ్యా గిది?"

ఆడవాళ్ల వైపు నుంచి బాలలక్ష్మి లేచింది. మొహం కందిపోయింది.

"తప్పు రాసిన్రు సారూ," అంది. "గా దినం నాలుగుసార్లు నవ్విన. ఒకటి మీరు పోయినంక."

పర్శరాములు జేబులోంచి పెన్ను తీశాడు. ఊరంతా చూస్తుండగా 'మూడు' కొట్టేసి, 'నాలుగు' అని దిద్దుకున్నాడు.