జేజి తడిమిన ముఖం

దగ్గరికి రండి పిల్లోల్లారా. ఆ గోనెపట్ట మీద జరిగి జరిగి కూచోండి. మహిమా, నువ్వు నా పక్కకు రా. పొద్దున నీ ఎత్తుపండ్లు చూసి నవ్వినోళ్లు ఎవరో నాకు తెలుసు. వాళ్లు నా ముందర కూచోవాల. ఈ కథ వాళ్లకే.

కోడుమూరులో నేతగాళ్ల వీధిలో సోమన్న అని మగ్గం నేసే మనిషి ఉండేవాడు. ఆయనకు ఒక్కతే కూతురు, ప్రమీలారాణి. ఆ పిల్లను ఎత్తి పెంచింది సోమన్న తల్లి గిడ్డమ్మ. ప్రమీలకు ఆ జేజి ముక్కే వచ్చింది. నడుమ గట్టు మాదిరి లేచి, కొన కిందికి వంగిన పెద్ద ముక్కు. ముసలితనంలో గిడ్డమ్మకు కండ్లు పోయినాయి. అయినా మగ్గం మీద పోగు తెగితే వేలికొనతో పట్టేది. మనుషులనూ అంతే, దగ్గరికి పిలిచి మొగం తడిమి గుర్తు పట్టేది. ప్రమీల నుదుటి మీద చేయి పెట్టి, కిందికి దిగి, ముక్కు కాడ ఆగి, "ఇది నా ముక్కే, నా బిడ్డే" అని బోసినోటితో నవ్వేది.

జేజికి ముద్దయింది వీధికి ఎగతాళి అయింది. "ఏమ్మే, ముక్కును ముందర పంపించి నువ్వు ఎనకాల నిదానంగా వస్తాండావే!" అనేవాళ్లు. చూడొచ్చిన పెళ్లివాళ్లు ఉగ్గాని, బజ్జీలు ఖాళీ చేసి, "పిల్ల మంచిదేగానీ..." అని చేతులు కడుక్కొని పోయేవాళ్లు. జేజి కాలం చేసినాక ప్రమీల కర్నూలులో ఒక చీరల అంగట్లో చేరింది. ఫోను ముందర నిలబడి, వీడియోలో చీరలు చూపించే పని. రెండో రోజే అంగడాయన, "నీ గొంతు శానా బాగుండాది తల్లీ. చీర ఒక్కటే కనపడేటట్టు పట్టుకో. మొగం వద్దులే" అన్నాడు. ఎగతాళిగా కూడా అనలేదు. చీర కొంగు సరిచేయమన్నంత మామూలుగా అన్నాడు. ఆ నెల జీతం నుంచే ఆ పిల్ల డబ్బులు దాయడం మొదలుపెట్టింది.

మూడేండ్లకు ముక్కుకు ఆపరేషన్ చేయించుకుంది. డాక్టరమ్మ పని చక్కగా చేసింది. కట్టు విప్పితే సన్నగా, తిన్నగా ఉంది ముక్కు. కిటికీ అద్దంలో తన్ను తాను చూసుకుంటూ కోడుమూరు దాకా బస్సులో తలెత్తుకొని కూచుంది. దాంట్లో తప్పేముంది? నేనైతే తప్పనను.

వచ్చింది పెద్దల అమావాస్య రోజు. మీ ఇండ్లలో చూసే ఉంటారు. పోయినోళ్లకు కొత్త బట్టలు పెట్టి, విస్తరి వేసి, దీపం వెలిగించి, తలుపు మూసి అందరూ బయటికి వస్తారు. లోపల పెద్దలు తింటారని నమ్మకం. కాసేపటికి ఇంటాయన మూడుసార్లు తలుపు కొట్టి లోపలికి పోవాల. అంతకు ముందు ఎవరూ అడుగు పెట్టకూడదు.

పొద్దు గూకింది. సోమన్న మగ్గం ముందరింట్లో ఉంటే, జేజి కాళ్లు దించి నేసిన మగ్గం గుంట లోపలి గదిలో ఉంది. ఆడ విస్తరి వేసి, తలుపు మూసి, ఇంటిల్లిపాదీ అరుగు మీద కూచున్నారు. అప్పుడు గుర్తొచ్చింది ప్రమీలకు, విస్తరి పక్కన నీళ్లు పెట్టలేదని. జేజికి ముద్ద ముద్దకూ నీళ్లు కావాల. చెబితే నాయన తిడతాడని, చెంబు తీసుకొని పెరటి తలుపు గుండా చప్పుడు కాకుండా లోపలికి పోయింది.

దీపం కొడిగట్టి ఉంది. గంజి పెట్టిన నూలు వాసన. నమిలిన వక్కాకు వాసన. ఆ గదిలో నాలుగేండ్లుగా ఎవరూ నేయలేదు, ఎవరూ ఆకు నమల్లేదు. వంగి చెంబు కింద పెట్టింది. విస్తరికి అవతల ఎవరో తింటున్నారు... పండ్లు లేని నోటితో... మెల్లగా...

నమలడం ఆగింది.

చల్లటి వేళ్లు నుదుటిని తాకాయి. వాటికి అన్నం మెతుకులు అంటుకొని ఉన్నాయి. ప్రమీలకు భయం కంటే ముందు ఏడుపొచ్చింది. జేజి చెయ్యి అది. వేళ్లు కనుబొమల మీదుగా దిగాయి. ముక్కు మీదికి వచ్చాయి.

ఆగాయి.

మళ్లీ పైకి పోయాయి. మళ్లీ దిగాయి. తెగిన పోగు కోసం వెతికినట్టు.

"ఎవురు నువ్వు?"

"నేనే జేజీ... ప్రమీలను."

"గొంతు దానిదే. మొగం దానిది కాదు." వేళ్లు బిగిశాయి. "నా బిడ్డను ఏం చేసినావు? యాడ పెట్టినావు దాన్ని?"

అప్పుడు మగ్గం గుంటలోనుంచి ఒక ఆడపిల్ల పలికింది. అచ్చం ప్రమీల గొంతు.

"ఈడ ఉండా జేజీ."

వేళ్లు వదిలేశాయి. కొత్తచీర గరగరలాడుతూ గుంట వైపు జరిగింది. ఇంకో మొగం మీద వేళ్లు పాకుతున్న సద్దు. తర్వాత, "ఇది నా ముక్కే... నా బిడ్డే..."

చీకట్లో ఇద్దరు నవ్వారు.

టక్. టక్. టక్.

సోమన్న తలుపు తీసి లైటు వేసేసరికి ప్రమీల ఒక్కతే కూచొని ఉంది. ముక్కు మీద మెతుకులు. గుంట ఖాళీ. తెల్లారి మొదటి బస్సుకే కర్నూలు పోయింది.

మూడో రోజు మధ్యాన్నం ఉండబట్టలేక ఇంటికి ఫోను చేసింది. తల్లి చౌడమ్మ ఎత్తింది. వెనక మగ్గం ఆడుతున్న చప్పుడు.

"అమ్మా, తిన్నావా? నాయన నేస్తాండాడా?"

"ఆయప్ప ఊర్లోకి పాయ. పాప నేస్తాండాది."

"ఏ పాప?"

"మా ప్రమీల."

"అమ్మా... ప్రమీలను నేను."

"ఎవురమ్మా నువ్వు?" అంది చౌడమ్మ. గొంతులో కోపం లేదు. తెలియనోళ్లతో మాట్లాడే మర్యాద ఉంది. "మా పాప ఈడనే ఉండాది కదా, నా కండ్ల ముందర."

మగ్గం చప్పుడు ఆగింది. అడుగులు ఫోను దగ్గరికి వచ్చాయి.

"ఎవురే అమ్మా, ఫోనులో?" అని అడిగింది ప్రమీల గొంతు.

సరే, లేవండి. చీకటి పడుతోంది, ఇండ్లకు పోయి అన్నాలు తినండి. నవ్వినోళ్లు మహిమను వాళ్లింటి దాకా దిగబెట్టి పోవాల. మీ ఇంటి తలుపు కొట్టినప్పుడు లోపలి నుంచి "ఎవురు?" అంటే, ఆటలాడొద్దు. పేరు చెప్పండి. చెప్పి, అమ్మ మీ మొగం బాగా చూసేదాకా గడప బయటే నిలబడండి.