మధ్యాహ్నం మెలకువ

మా ఆఫీసులో పన్నెండున్నరకి లైట్లు ఆరిపోతాయి. తైచుంగ్ నగరంలో సైకిల్ విడిభాగాలు చేసే కంపెనీ మాది. భోజనం డబ్బాలు మూసెయ్యగానే అందరూ సొరుగుల్లోంచి చిన్న దిండ్లు తీసి, బల్లల మీద తలలు వాల్చేస్తారు. ఒకటిన్నర దాకా అక్కడ దగ్గినా నేరమే.

ఆ గంటలో నిద్రపోకూడదని నాకు క్లినిక్ వాళ్ళ ఆర్డరు. రాత్రిళ్ళు నిద్రపట్టక ఛస్తుంటే, పగలు వచ్చే కాస్త కునుకూ వద్దన్నారు. ఒక సోమవారం ఆ చీకట్లో నిటారుగా కూర్చుని, గుడ్లప్పగించి గోడకేసి చూస్తున్నాను.

వెనక నుంచి కరకరమని చప్పుడు. సెక్షన్ హెడ్డు దిండు మీంచి తలెత్తాడు.

"ఎవరది?"

క్వాలిటీ సెక్షన్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఏమాత్రం తడుముకోకుండా నా వైపు వేలు చూపించింది.

"కాయ్‌షెన్! బయటికెళ్ళి నమలవయ్యా!"

మెట్ల మీదికి పోయి కూర్చున్నాను. రెండు నిమిషాల్లో ఆ అమ్మాయీ వచ్చింది. పేరు పేలాన్.

"సిగ్గులేదా అండీ మీకు?" అన్నాను.

"ఉంది. కానీ నేను కొత్త. మీరు పాతవాళ్ళు, మిమ్మల్ని తీసెయ్యరు." చేతిలో పొట్లం చాపింది. "బఠాణీలు తింటారా?"

"మీరు హాయిగా పడుకోవచ్చు కదా?"

"పడుకోకూడదు. అందుకే నములుతున్నా."

జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి చూపించింది. నేనూ నాది తీశాను. రెండూ ఒకే క్లినిక్ కాగితాలు.

ఏటా జరిగే ఆరోగ్య పరీక్షలో, నెల పైగా నిద్ర సరిగ్గా లేదని రాసినవాళ్ళని కంపెనీ నర్సు ఆ క్లినిక్‌కి పంపింది. మందుల్లేవు. ఆరు వారాలు అలవాట్లు మార్చుకోవడమే. రాత్రి పన్నెండున్నర లోపు మంచమెక్కకూడదు. పొద్దున ఆరింటికల్లా లేవాలి. పగలు కునుకు తియ్యకూడదు. నిద్రపట్టకపోతే మంచం దిగిపోవాలి. ఎన్ని గంటలు పడుకున్నామో రోజూ పొద్దున్నే కాగితంలో రాయాలి. దాన్ని చూసి, మంచం మీద ఎంతసేపు ఉండాలో వారం వారం మారుస్తారు.

"ఇప్పుడే పట్టుకుంటే వదిలిపోతుంది. ముదిరితే మనసుని కూడా తినేస్తుంది" అంది అక్కడి కౌన్సెలర్.

ఆ సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా అక్క లింగ్‌వేకి మూడు నెలలు నిద్రపట్టలేదు. పని తగ్గితే అదే సర్దుకుంటుందని అందరం అనుకున్నాం. నాలుగేళ్ళుగా గది దాటి రావడం లేదు. తలుపు దగ్గర నూడుల్స్ గిన్నె పెట్టేదీ నేనే, సగం తిన్న గిన్నె తీసేదీ నేనే. పక్క గది నాది. నేనూ అక్కలా అయిపోతానన్న భయం ఒక్కటే నన్ను ఆ క్లినిక్‌కి ఈడ్చుకెళ్ళింది.

పేలాన్‌కి మాత్రం చెప్పలేదు. ఒక అమ్మాయితో మొదలుపెట్టే కబురా అది?

ఇక రోజూ మధ్యాహ్నం మెట్ల మీదే మా కాపురం. వాన పడితే కిటికీ లోంచి జల్లు కొట్టేది. తను బూడిదగుమ్మడి షర్బత్ తెచ్చేది, టీ తాగకూడదు కాబట్టి. నాకు కళ్ళు మూతపడితే మోచేత్తో పొడిచేది.

"లే! నిద్రపోతే నీ కాగితం చింపేస్తా."

"నీకు మొగుడొస్తే వాడి గతేంటో!"

"వాడు రాత్రిళ్ళు పడుకుంటాడులే, నీలా కాదు."

కాగితాలు మార్చుకుని చూసుకునేవాళ్ళం. రెండో వారం చివర నాది చూసి తన మొహం వాడిపోయింది.

"నీకింకా రెండు గంటలేనా? మనిద్దరిదీ ఒకటే వైద్యం కదా. నీకు పనిచెయ్యకపోతే నాకూ చెయ్యదేమో."

మర్నాడు నాలుగున్నర అని రాశాను. తన కళ్ళు ఎంత వెలిగాయో! ఆ వెలుగు కోసం తర్వాతి వారం అయిదు రాశాను. ఆ పై వారం ఆరు.

నా దొంగ లెక్కలు నమ్మి కౌన్సెలర్ వారానికో అరగంట ముందు మంచమెక్కమంది. మంచం మీద పొర్లే టైము పెరిగిందే కానీ నిద్ర పెరగలేదు. పేలాన్‌కి మాత్రం నిజంగానే పట్టడం మొదలైంది. మొహంలో రంగు వచ్చింది. ఒకరోజు వానలో చేతులు చాపి, ఊరికే, పగలబడి నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఈ అమ్మాయికి నచ్చింది ఆరు గంటలు పడుకునే ఎవడో. వాడు నేను కాదు.

ఆరో వారం కౌన్సెలర్ నా ఫైలు మూసేసింది. "ఇక రానక్కర్లేదు. చాలా బాగా చేశారు."

పేలాన్ గేటు దగ్గర ఎగిరి గంతేసింది. "ఆదివారం సినిమాకి పోదామా? ఇప్పుడు హాల్లో గురక పెడతామన్న భయం లేదుగా!"

సరే అన్నాను. రోడ్డు దాటుతుంటే, బతకడం ఎందుకు ఇంత బరువుగా ఉందో ఎవరినైనా అడగాలనిపించింది. ఎవరూ కనబడలేదు.

ఆదివారం సినిమాకి బయల్దేరే ముందు అక్క గది దగ్గర గిన్నె పెడుతుంటే తలుపు తెరుచుకుంది. అక్క నా మొహంలోకి చూసింది.

"ఎన్నాళ్ళయిందిరా?"

"ఏంటీ?"

"నా దగ్గరా నాటకాలు?"

"మూడో నెల."

"డాక్టరుకి చెప్పావా?"

"బాగానే పడుకుంటున్నానని చెప్పా."

అక్క నవ్వింది. దానికంటే ఏడ్చినా బాగుండేది.

"నేనూ అదే చెప్పానురా" అని తలుపు వేసుకుంది.

హాలు ముందు పేలాన్ టికెట్లు పట్టుకుని నుంచుంది. వాన. నా దగ్గర గొడుగు కూడా లేదు.

"పేలాన్, నేను పడుకోవడం లేదు. కాగితంలో రాసిందంతా అబద్ధం."

"జోకా?"

"మొదటి రెండు వారాలే నిజం."

తను టికెట్లు జేబులో కుక్కేసింది. "రాత్రిళ్ళు భయమేసినప్పుడల్లా, కాయ్‌షెన్‌కి పట్టింది, నాకూ పడుతుంది అనుకునేదాన్ని. ఆ గంటలన్నీ నువ్వు కూర్చుని అల్లావా?"

"నీ మొహం వాడిపోతే చూడలేక..."

"నా మొహం కోసం నువ్వు చస్తావా?"

అక్క సంగతంతా చెప్పాను. దాచడానికి ఇంకేం మిగల్లేదు. "నీకు తగ్గింది. నాకు తగ్గదేమో. నువ్వెళ్ళిపో పేలాన్. నాతో ఉంటే నీకూ మళ్ళీ వస్తుంది."

తను నిజంగానే వెళ్ళింది. బస్‌స్టాపు దాకా వెళ్ళి, బస్సు వచ్చినా ఎక్కకుండా, తడుస్తూ వెనక్కి వచ్చింది. ఏడుస్తోంది. తిడుతోంది కూడా.

"రేపు పొద్దున క్లినిక్ తెరిచేసరికి మనిద్దరం అక్కడుండాలి. మొదటి రోజు నుంచి మళ్ళీ మొదలుపెడతావు. నేను బయట కూర్చుంటా. నీ కాగితం ఇంక చూడను, ఒట్టు."

"మళ్ళీ చేసినా తగ్గకపోతే?"

"నాకేం తెలుసు? నేనేమన్నా డాక్టర్నా?" ముక్కు తుడుచుకుంది. "నువ్వంటే నాకిష్టం, దరిద్రుడా. అసలు పడుకోకపోయినా ఇష్టమే. ఇప్పుడు చెప్పు, నిన్న రాత్రి ఎంతసేపు?"

ప్రేమిస్తున్నానని చెప్పడం ఇంతకంటే తేలిక.

"నలభై నిమిషాలు" అన్నాను.

పేలాన్ మొహం వాడిపోయింది. నేను తల తిప్పుకోకుండా చూశాను.